ఇచ్చిపుచ్చుకోవడం

ఇటాలియన్‌లో మా అక్క కూతురు నేర్చుకున్న మొదటి మాట 'చావ్'. బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా మా అమ్మకి చెప్పింది. "శుభమా అని దీపాలు పెట్టే యాళ్ల చావంటవేందే" అని అమ్మ కసిరింది. ఆ వారమంతా కొత్తగూడలోని మా ఫ్లాట్‌లో ఇదే నవ్వు.

పిల్లది తొమ్మిదో తరగతి. కల్చరల్ ఎక్స్‌ఛేంజ్ అని వాళ్ల బడికి నేపుల్స్ నుంచి పిల్లలు మూడు వారాలకి వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో ఉండాలి. సాయంత్రాలు వచ్చినవాళ్లు ఇటాలియన్ నేర్పాలి, ఇక్కడివాళ్లు తెలుగు నేర్పాలి. చివర్లో ఇద్దరికీ సర్టిఫికెట్. ఎక్స్‌ఛేంజ్‌కి మనకో చక్కని మాట ఉంది, ఇచ్చిపుచ్చుకోవడం. పుచ్చుకోవడంలో మా పిల్లకి ఇబ్బందేమీ రాలేదు. నాలుగు రోజుల్లో అంకెలు, వారాలు, పాస్తా రకాలు వచ్చేశాయి. ఇవ్వాల్సి వచ్చేసరికి చిక్కొచ్చింది. దానికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. రెండో భాష ఫ్రెంచ్. పదో తరగతి దాకా ఏ బోర్డు బడిలోనైనా తెలుగు చెప్పాల్సిందే అని తెలంగాణలో 2018లోనే చట్టం వచ్చింది. అది మా ఇంటిదాకా రాలేదని మేమెవరం బాధపడ్డ గుర్తు లేదు.

మొదటి పాఠానికి అది ఎంచుకున్నది మనందరం ఎంచుకునేదే: తెలుగు 'ఇటాలియన్ ఆఫ్ ద ఈస్ట్'. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన నికోలో కాంటి పేరు మీద మనం చెప్పుకునే మాట. రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి కదా, అందుకని. మన భాష బాగుందని చెప్పడానికి ఇంకో భాష సాక్ష్యం ఎందుకు కావాల్సి వచ్చిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అసలు తమాషా ఇంకోటుంది. కాంటి వెనిస్ వ్యాపారి. ఆ ఊళ్లో మాట్లాడేది వెనీషియన్. ఆయన చెప్పిన ప్రయాణ కథని పోజ్జో బ్రాచోలీని రాసిపెట్టింది లాటిన్‌లో. ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడిందే 1861లో. అప్పటికి ఇటాలియన్ వచ్చినవాళ్లు నూటికి రెండున్నర మందేనని భాషావేత్త తుల్లియో దె మావ్రో లెక్కగట్టాడు. మిగతావాళ్లు ఎవరి ఊరి మాట వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల పిల్లల్లో ఎంతోమంది ఇటాలియన్‌ని బడిలోనే నేర్చుకున్నారు, మా పిల్లలాగే. ఆ 'చావ్' కూడా వెనిస్ మాటే. 'నీ బానిసని' అన్నది అరిగి అరిగి అలా అయింది, మన 'దాసోహం' లాంటిదన్నమాట. అమ్మకి చెప్తే "గట్ల చెప్తె అయిపోవు గదా" అంది.

రెండో వారంలో ఒకరోజు నేపుల్స్ అమ్మాయి బయటికి వెళ్తుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి "పైలం బిడ్డా" అంది. అంటే ఏంటని అడిగిందా అమ్మాయి. మా పిల్ల తడబడింది. అది కరెక్ట్ తెలుగు కాదు, మా అమ్మమ్మ అలాగే అంటుంది, నువ్వు 'జాగ్రత్త' అని నేర్చుకో అని ఇంగ్లీషులో సర్దిచెప్పింది. ఆ అమ్మాయి కాసేపాగి, మా అమ్మమ్మ కూడా నేను బయల్దేరేటప్పుడు 'స్తాత్తె బ్బోనా' అంటుంది, అదీ ఇటాలియన్ కాదు, మా నేపుల్స్ మాట, అందుకే నీకు నేర్పలేదు అంది.

రెండు వారాలుగా ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకుంటున్నది ఏంటి మరి? చుట్టాలొస్తే అల్మారాలోంచి గాజు గ్లాసులు తీస్తాం. అది మర్యాదే, మోసం అనలేను. కానీ ఉన్నన్నాళ్లూ గాజు గ్లాసుల్లోనే తాగి వెళ్లిపోయిన మనిషి మన ఇల్లు చూసినట్టా? సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజుని భాషా దినోత్సవంగా చేసుకునే రాష్ట్రంలో 'పైలం' తప్పని పద్నాలుగేళ్ల పిల్లకి ఎవరు చెప్పారు? ఎవరో దేనికి, నేనే. ఆఫీసు ఫోనొస్తే 'ఏంది'ని మింగేసి 'ఏంటి' అనే చిన్నమ్మని చూస్తూనే కదా అది పెరిగింది.

అలాగని బడి భాషని తీసిపారేయలేను. ఫ్లారెన్స్ దగ్గర కొండల్లో బార్బియానా అనే పల్లె ఉంది. అక్కడ లొరెంజో మిలానీ అనే ఫాదర్ ఒక బడి నడిపాడు. మామూలు బడులు ఫెయిల్ చేసి పంపేసిన రైతుల పిల్లలు అందులో చదువుకుని, 1967లో 'ఒక టీచరుకి ఉత్తరం' అని పుస్తకం రాశారు. భాష మీద పట్టు దొరికితేనే మనుషులు సమానమవుతారన్నది వాళ్ల వాదం. నిజమే, అది దొరకనివాళ్లకి అన్నమంత అవసరం. దొరికినవాళ్లమే దాన్ని షోకేస్‌లో పెట్టుకుంటాం.

ఇంతకీ ఆ అమ్మాయికి అక్షరాలు దిద్దించింది ఎవరో చెప్పలేదు కదూ. మా వాచ్‌మన్ కూతురు. ఏడో తరగతి, సర్కారు బడి, సొంతూరు వనపర్తి దగ్గర. సెల్లార్ మెట్ల మీద చాక్‌పీసుతో రాసి చూపించేది. పక్కనే కూర్చుని మా పిల్ల కూడా దిద్దింది. చివరి రోజు బడి హాల్లో ఇద్దరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫొటోలు తీశారు. నేను చప్పట్లు కొట్టాను. మూడో పేరు ఒకటుండాలని నాకు తోచింది ఇంటికొచ్చాక, గేటు తీస్తూ ఆ పిల్ల "ఎట్లయింది అక్కా ఫంక్షన్" అని అడిగినప్పుడు.

ఇప్పటికీ మా పిల్ల ఆ మెట్ల మీదే గుణింతాలు నేర్చుకుంటోంది. నెలకి ఎంతిద్దామని అక్క అడుగుతోంది. ఊరికే నేర్పించుకోవడం తప్పని నాకూ తెలుసు, డబ్బివ్వాల్సిందే. కానీ అదిచ్చిన రోజు నుంచి అది ట్యూషన్ అవుతుంది, లెక్క చెల్లిపోయినట్టుంటుంది, అంతకుముందు మూడు వారాల సంగతి ఇక ఎవరూ ఎత్తరు. మొన్న ఆదివారం ఆ పిల్లనే అడిగాను, నీకేం కావాలని. చాక్‌పీసు చేతులు గౌనుకి తుడుచుకుని, "ఆ అక్క ఇచ్చిపోయిన ఇటాలియన్ పుస్తకం ఒక్కసారి ఇస్తరా? సూసి మల్ల ఇస్త" అంది.