అడిగినవాడికి దక్కని హక్కు

రెడ్డిగూడెం లాంటి మెట్ట మండలాల్లో పోరంబోకులో ఇల్లు వేసుకున్న పేదవాడి చేతిలో తరచూ ఉండే రుజువు ఒక్కటే: బి-మెమో రసీదు. నిజానికి అది జరిమానా కాగితం. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద, ప్రభుత్వ భూమిలో ఉన్నందుకు కట్టిన సొమ్ముకు గుర్తు. దానివల్ల హక్కు రాదు. అయినా దాన్ని పట్టాలా దాచుకుంటారు. తాము అక్కడ బతుకుతున్నామని సర్కారు ఒప్పుకున్న కాగితం అదొక్కటే మరి.

ఒకచోట బతికినందుకు హక్కు పుడుతుందా? పుట్టవచ్చని మన చట్టమే అంటుంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమిని 12 ఏళ్లు, ప్రభుత్వ భూమిని 30 ఏళ్లు, యజమాని హక్కును కాదంటూ బాహాటంగా, ఎడతెగకుండా అనుభవిస్తే దాన్ని రాబట్టుకునే దారి యజమానికి మూసుకుపోతుంది. అలా అనుభవించినవాడు తానే దావా వేయవచ్చని 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా మనసు ఒప్పుకోనిది ఇక్కడే. ‘ఇది నాదే’ అని దబాయించినవాడికి కాలం కలిసొస్తుంది. ‘అయ్యా, ఇది సర్కారు భూమే, నాకు పట్టా ఇప్పించండి’ అని తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్నవాడికి ఆ అర్జీయే అడ్డం తిరుగుతుంది. నిజం ఒప్పుకున్నవాణ్ణే ఓడించేది న్యాయమెలా అవుతుంది?

1982లో తుమ్మల కృష్ణారావు కేసు హైదరాబాదు హబ్సిగూడ భూముల మీద నడిచింది. హక్కు గురించి నిజమైన వివాదం ఉన్నచోట ప్రభుత్వం నోటీసుతో ఖాళీ చేయించకూడదని, తానూ అందరిలాగే సివిల్ కోర్టుకు వెళ్లాలని సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యం తన వ్యాజ్యానికి తానే తీర్పరి కారాదన్న గొప్ప సూత్రం అది. కానీ వివాదం నిలబెట్టాలంటే దస్తావేజులు కావాలి, వకీలు కావాలి, ఏళ్లకేళ్లు వాయిదాలకు తిరిగే స్తోమత కావాలి. అవి లేని కూలీకి మిగిలేది ఆ 1905 చట్టం ఏడో సెక్షన్ కింద వచ్చే నోటీసే.

అలాగని ఆక్రమణలన్నీ ఒకటి కావు. చెరువు శిఖాన్ని పూడ్చినవాడు ఆయకట్టు రైతుల నోటి దగ్గర కూడు లాక్కుంటాడు. అందుకే 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించమంది. భూమిలేని కూలీలకు సర్కారు ఇచ్చిన కౌళ్ల వంటివాటికి మినహాయింపు ఉండవచ్చని కూడా అంది. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచినప్పుడు, నీటి దారి కాపాడుకోకపోతే ఏమవుతుందో చూశాం. వాగును వాగుగా ఉంచాల్సిందే. అక్కడి నుంచి లేపిన మనిషిని ఎక్కడ ఉంచాలి?

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి పేవ్‌మెంట్ల మీది వాళ్ల గురించి సుప్రీంకోర్టు, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనంది. అయినా తొలగింపును ఆపలేదు. వానాకాలం వెళ్లేదాకా గడువిచ్చింది. ఆ గడువులో కరుణ ఉంది, కానీ కరుణ న్యాయమూర్తిని బట్టి మారుతుంది. హక్కు అలా మారకూడదు. భూమి ఎవరిదో తేల్చడం ఎంత తప్పనిసరో, ఖాళీ చేసే కుటుంబం ఎక్కడ తలదాచుకుంటుందో తేల్చడం కూడా అంతే తప్పనిసరి కావాలి. రెండో ప్రశ్నకు జవాబు రాయని తీర్పు ఆస్తి సంగతి తేల్చినట్టే గానీ, మనుషుల మధ్య తగువు తీర్చినట్టు కాదు.