పక్కకు జరగడమూ ధమ్మ సాధనే

 

మొన్న ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతికి రేపల్లెలో ఫుట్‌బాల్ ఆడాం. తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న ఆట. తెనాలి జట్టులో ఒకడు తక్కువైతే నేను దిగాను. నాకు నలభై ఆరేళ్లు. కాలేజీ రోజుల్లో బ్యాక్‌గా ఆడినవాణ్ణి. పదిహేను నిమిషాలు బాగానే గడిచింది. తరవాత బాపట్ల జట్టులో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు నన్ను దాటిపోవడం మొదలెట్టాడు. ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి. మూడోసారి బంతి నా కాళ్ల సందులోంచే పోయింది. గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నాలుగోసారి నేను బంతి కోసం పోలేదు. కుర్రాడి చీలమండ మీద తన్నాను.

రెఫరీ ఎల్లో కార్డ్ చూపించాడు. "బంతికే తగిలింది" అని వాదించాను. అబద్ధం. ప్రాణిని హింసించనన్న మొదటి శీలం, అబద్ధమాడనన్న నాలుగో శీలం రెండూ ఒక్క నిమిషంలో తప్పాను. కుర్రాడు కుంటుకుంటూ వచ్చి "ఏం కాలేదులే అన్నా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే ఇది మీకు రాస్తున్నా.

ఆ ఫౌల్ ఎక్కడి నుంచి వచ్చింది? వయసు నుంచి అనుకుంటాం. కాదు. వయసు వచ్చిన కాలు మెల్లగా పరుగెత్తుతుంది, అంతే. దానికి ఎవర్నీ తన్నాలని ఉండదు. "నేనింకా అప్పటివాణ్ణే" అనుకునే మనసుకు ఉంటుంది. ఒళ్లు చెప్పే నిజాన్ని మనసు ఒప్పుకోదు. అక్కడ కోపం పుడుతుంది. నిజానికి ఆ కోపం నా మోకాలి మీద. దొరికింది మాత్రం కుర్రాడి కాలు. బుద్ధుడు భవతృష్ణ అన్నది దీన్నే. ఇలాగే ఉండిపోవాలనే దాహం. సర్వం అనిత్యమని ప్రతి ఆదివారం చెప్పేవాణ్ణి, నా ఒక్కడికీ మినహాయింపు కావాలనుకున్నాను.

ఇది మనలాంటి ఊరి ఆటగాళ్ల సంగతే కాదు. 2006 జులై 9న బెర్లిన్‌లో వరల్డ్ కప్ ఫైనల్. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ వయసు 34. ఇదే నా ఆఖరి టోర్నీ అని ముందే చెప్పి వచ్చాడు. 110వ నిమిషంలో ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఏదో అన్నాడు. జిదాన్ వెనక్కి తిరిగి తలతో అతని ఛాతీ మీద పొడిచాడు. రెడ్ కార్డ్. పెనాల్టీల్లో ఇటలీ గెలిచింది. రెచ్చగొట్టడం తప్పే. కానీ తప్పుకునే రోజు ప్రకటించడం వేరు, ఆ రోజు దాకా మనసును కాపాడుకోవడం వేరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నాకు ఆ తన్ను కొత్త కాదు. అంతకు నెల ముందు విహారంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ధమ్మం గురించి నాలుగు మాటలు చెబుతానని లేచింది. "ముందు పెద్దల్ని మాట్లాడనీ అమ్మా" అన్నాన్నేను. పెద్దలందరం మాట్లాడేసరికి చీకటి పడింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. అక్కడ రెఫరీ లేడు, కార్డూ లేదు. మన సంఘాల్లో ఇలాంటివి ఎన్ని జరగడం లేదు? "నిన్న మొన్న వచ్చినోడివి, నీకేం తెలుసు?" అంటాం. లెక్కలు అడిగితే మొహం మాడ్చుకుంటాం. పదేళ్లుగా ఒకరే అధ్యక్షుడు, ఒకరి చేతిలోనే మైకు. పిల్లలు రావడం లేదని బాధపడేదీ మనమే, వచ్చినవాళ్ల కాళ్ల మీద తన్నేదీ మనమే.

మీరు ఒక మాట అడగొచ్చు. "తరతరాలుగా మనల్ని పక్కకు నెట్టారు. ఇప్పుడిప్పుడే ఒక కుర్చీ దొరికింది. అది కూడా వదలమంటావా?" న్యాయమైన ప్రశ్న. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు భయపడకుండా జెండా పట్టిన పెద్దలకు మనం రుణపడి ఉన్నాం. అన్యాయం మీద వాళ్లకొచ్చిన కోపం ఫౌల్ కాదు. మనల్ని నెట్టినవాడికి చోటివ్వమని నేననడం లేదు. మన బిడ్డలకు ఇవ్వమంటున్నాను. ఈ రెండూ ఒకటి కావు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. బుద్ధుడు తప్పుకున్నాడా? వృద్ధుడైన బుద్ధుణ్ణి సంఘం తనకు అప్పజెప్పమని దేవదత్తుడు అడిగితే ఇవ్వలేదు కదా? నిజమే. అయితే సారిపుత్త, మొగ్గల్లానులకు కూడా ఇవ్వనన్నాడు. సంఘం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే ఆస్తి కాదన్నాడు. ఎనభై ఏళ్ల వయసులో తన ఒంటిని కట్లు కట్టి లాక్కొస్తున్న పాత బండితో పోల్చుకున్నాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడలేదు. తన తరవాత ధమ్మమూ వినయమే మీకు గురువన్నాడు. వారసుణ్ణి పెట్టకపోవడమే ఆయన గొప్పతనమని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఎత్తి చూపారు.

బాబాసాహెబ్ మాత్రం? 1956 డిసెంబర్ 6న కన్నుమూసే దాకా పని మానలేదు. కానీ అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చి, మర్నాడు ప్రసంగంలో ఏం చెప్పారు? ప్రతి బౌద్ధుడికీ మరొకరికి దీక్ష ఇచ్చే అధికారం ఉందన్నారు. అంతటి నాయకుడు ఆ అధికారాన్ని తన దగ్గరే ఉంచుకోలేదు. నిన్న దీక్ష తీసుకున్నవాడి చేతిలో ఇవాళే పెట్టారు. పని ఆఖరి దాకా చేశారు, పెత్తనం మొదటి రోజే పంచారు.

ఫుట్‌బాల్‌లోనూ మనకో ఉదాహరణ ఉంది. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన తీర్చిన జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఆ జట్టులోని మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ముప్పై నిండకుండానే జబ్బు చేసి 1963లో ఆట మానేయాల్సి వచ్చింది. ఆట ఎవరికీ రాసిచ్చిన పొలం కాదు. రహీమ్ మైదానంలోకి దిగి గోల్ కొట్టలేదు. గీత బయట నిలబడి కొట్టించారు. పక్కకు జరగడమంటే ఇంటికి పోవడం కాదు, నిలబడే చోటు మార్చుకోవడం.

మరి ఎప్పుడు జరగాలి? వయసుతో లెక్క కట్టొద్దు. బుద్ధుడు చెప్పిన ముదితతో కొలుచుకోండి. ముదిత అంటే ఎదుటివాడి ఎదుగుదల చూసి కలిగే సంతోషం. కుర్రాడు మిమ్మల్ని దాటిపోయినప్పుడు "భలే పోయాడురా" అనిపిస్తే ఇంకొంతసేపు ఆడండి. కాలు దురద పెడితే ఆ నిమిషమే బయటికి రండి. సంఘంలోనూ అంతే. చిన్నవాళ్లు బాగా మాట్లాడితే మీకు గుండెల్లో కలుక్కుమంటోందా? మైకు ఇచ్చేయాల్సిన వేళ అదే.

ఆ సాయంత్రం తెనాలి రైలెక్కాను. దారిలో భట్టిప్రోలు స్టేషన్ వచ్చింది. అక్కడి స్తూపంలో 1892లో ధాతువులున్న రాతి పేటికలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో కుబీరకుడనే రాజు పేరుంది, ఒక గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. రెండు వేల ఏళ్ల కిందట మన నేల మీద ధమ్మాన్ని మోసినవాళ్లు. మోసి, దించి, వెళ్లిపోయారు. వాళ్లు దించారు కాబట్టే ఎత్తుకోవడానికి మనకు మిగిలింది.

మర్నాడు ఆ అమ్మాయి వాళ్లింటికెళ్లి క్షమించమని అడిగాను. వచ్చే పౌర్ణమికి విహారంలో తనే మాట్లాడుతుంది. నేను చాపలు వేస్తాను. మీ ఊళ్లో మీరు ఎవరికి చోటివ్వాలో మీకు తెలుసు. ఈ వారమే ఇవ్వండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!