తొందర ఎక్కడ, ఓపిక ఎక్కడ

సికింద్రాబాద్‌ మోండా మార్కెట్‌ దగ్గర్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు. ఒకే ఇంటి కోడళ్లు. తెల్లవారకముందే బంతి, చామంతి, మల్లె కొనుక్కొచ్చి, దండలు కట్టి, ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర అమ్మేవారు. ఆషాఢంలో లష్కర్‌ బోనాలు వచ్చాయంటే వాళ్ల వేళ్లకు తీరిక ఉండేది కాదు.

ఒక ఎండాకాలం చెల్లెలి చేతులు పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టాయి. పిడికిలి బిగిసేది కాదు, దారం ముడి పడేది కాదు. గంట దాటితేగాని వేళ్లు వదులయ్యేవి కావు. రెండు చేతులకూ ఒకే తీరుగా వేళ్ల మొదళ్లలో, నడిమి కణుపుల్లో వాపు. అక్కకు అప్పటికే ఏడాదిగా అదే బాధ. “పొద్దుగాల్నే సల్లనీళ్లల్ల చేతులు పెడితే వాతం పట్టక ఏమైతది? అందరికుండేదే” అని అత్తమ్మ తేల్చేసింది. అక్క ఆ మాట పట్టుకుని కూర్చుంది. చెల్లెలు మాత్రం నెల్లాళ్లు ఆగలేదు, గాంధీ ఆసుపత్రికి వెళ్లింది.

రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చూసి డాక్టరమ్మ చెప్పింది. “ఇది కీళ్లవాతం, రుమటాయిడ్‌ ఆర్థరైటిస్‌ అంటారు. వయసుతో కీళ్లు అరిగే జబ్బు కాదు. కంటోన్మెంట్‌లో కాపలా ఉన్న సిపాయిలే ఊరి మీద పడ్డట్టు, రోగాల నుంచి ఒంటిని కాచే శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. వదిలేస్తే ఆ పొర ఉబ్బి ఎముకను తినేస్తుంది. అందుకే సిపాయిలను అదుపులో పెట్టే మందిస్తున్నా.”

ఆ మందు మెథోట్రెక్సేట్‌. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. దానికి తోడుగా వేరే రోజు ఫోలిక్‌ యాసిడ్‌. చెల్లెలు చీటీ చూపించి అడిగింది: “ఇది క్యాన్సర్‌ మందంట గదమ్మా?”

“మొదట దానికే వాడారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో 1940లలో నడిపిన పరిశోధనలోంచి వచ్చింది. క్యాన్సర్‌కిచ్చే మోతాదు వేరు, నీకిచ్చేది చాలా తక్కువ. కీళ్లవాతానికి వాడొచ్చని 1988లో అమెరికా అనుమతిచ్చింది. ఇవాళ చాలా దేశాల్లో ఈ జబ్బుకు ముందుగా రాసేది దీన్నే. అయితే ఆరు వారాలు, ఒక్కోసారి పన్నెండు వారాల దాకా గుణం కనిపించదు. మధ్యమధ్య రక్తం, లివర్‌ పరీక్షలు చేయించుకోవాలి. ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు. పిల్లలు కావాలనుకుంటే ముందే నాకు చెప్పు.”

ఆ వారమే అక్క ఎవరో చెబితే వాతప్పొడి తెచ్చుకుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైంది. బోనాల నాటికి ఆమె మూడు దండలు కట్టే లోపు చెల్లెలు ఒకటి కట్టలేకపోయేది. “గా దవాఖాన్ల సుట్టు ఎందుకు తిరుగుతవే? నా లెక్క పొడి ఏసుకో” అని నవ్వింది అక్క.

అత్తమ్మ ఇంకో ఉపాయం చెప్పింది. “వారానికొక్క గోలీ ఏ మూలకు? రోజొకటి మింగు, జల్ది తగ్గుతది.” చెల్లెలికి ఆశ పుట్టింది. కానీ మింగేముందు అడిగి రావాలనుకుంది. డాక్టరమ్మ హడలిపోయింది. “రోజూ వేసుకుంటే మూలుగలో రక్తం తయారవడమే ఆగిపోవచ్చు. ప్రాణం మీదికొస్తుంది!” ఆనాటి నుంచి చెల్లెలు క్యాలెండర్‌లో ప్రతి బుధవారం చుట్టూ సున్నా చుట్టి, ఆ రోజే వేసుకునేది. దసరా నాటికి ఆమె పిడికిలి బిగిసింది.

అక్క బుగ్గలు మాత్రం గుండ్రంగా ఉబ్బాయి. ఒంట్లో షుగర్‌ చేరింది. నొప్పి లేకపోయినా వేళ్లు ఒక్కొక్కటే చిటికెనవేలి వైపు వాలసాగాయి. ఒకనాడు పొడి దొరకలేదు. రెండు రోజులకే నీరసంతో కుప్పకూలింది. చెల్లెలే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“ఆ పొడిలో స్టెరాయిడ్‌ కలిసి ఉంది. అవసరమైతే మేమూ ఇస్తాం, కానీ కొలతగా, కొన్నాళ్లకే. ఇన్నాళ్లు వాడింది ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. నేనే మెల్లగా తగ్గిస్తాను” అంది డాక్టరమ్మ.

“నా ఏళ్లు మల్ల సక్కగైతయా అమ్మా?”

“వాలినవి మందుతో తిరిగి రావు. మిగతా కీళ్లను కాపాడుకుందాం.”

మరుసటి బోనాలకు చెల్లెలు దండలు కట్టింది. అక్క గల్లా దగ్గర కూర్చుని లెక్క చూసింది.

నీతి: మన పెద్దలు ‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు, ‘నిదానమే ప్రధానం’ అనీ అన్నారు. కీళ్లవాతంలో రెండూ నిజమే, ఎక్కడ ఏది పాటించాలన్నదే తెలియాలి. పొద్దున్నే గంటసేపు కీళ్లు బిగుసుకున్నా, రెండు చేతులకూ వాపు వచ్చి వారాల తరబడి తగ్గకపోయినా ఆలస్యం చేయకూడదు. మొదటి కొన్ని నెలల్లో వైద్యం అందితే కీలు నిలిచే అవకాశం ఎక్కువ. మందు మొదలయ్యాక మాత్రం నిదానం కావాలి. మోతాదు పెంచితే గుణం త్వరగా రాదు. నొప్పి పోయిందని సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. తగ్గించాలన్నా, ఆపాలన్నా పరీక్షలు చూసి డాక్టరు చెప్పాలి. అక్క ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు ఓపిక పట్టింది, నొప్పి తగ్గడానికి తొందరపడింది. చెల్లెలు సరిగ్గా దానికి తలకిందులుగా చేసి, చేతులు దక్కించుకుంది.