160 డెసిబెళ్ల లోపు హింస

ఉత్తర సముద్రంలో గాలిమర నిలబెట్టాలంటే చాలాచోట్ల ముందు ఒక ఉక్కు గొట్టాన్ని నేలలోకి దింపాలి. దాన్ని మోనోపైల్ అంటాం. ఇప్పటివాటికి 8 మీటర్ల వ్యాసం మామూలే, బరువు వెయ్యి టన్నులు దాటుతుంది. హైడ్రాలిక్ సుత్తి దాని నెత్తిన కొన్ని వేల దెబ్బలు వేస్తుంది. ఇసుక ఎంత గట్టిది, పైలు ఎంత లోతు దిగాలి, పాతికేళ్ల అలల తాకిడికి ఎంత ఒరుగుతుంది అని లెక్క కట్టేవాళ్లలో నేనొకదాన్ని. జర్మనీ జలాల్లో పని అయితే ఆ లెక్కల పక్కన ఇంకో అంకె ఉంటుంది: పైలుకు 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ ధ్వని 160 డెసిబెళ్లు దాటకూడదు.

ఆ అంకె హార్బర్ పోర్పస్ కోసం. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టం, మన పొడవు కూడా ఉండదు. చెవి మీద బతికే జీవి. తాను చేసే టిక్కుల ప్రతిధ్వని విని చేపను పట్టుకుంటుంది. డెన్మార్క్ నీళ్లలో పోర్పస్‌లకు రికార్డర్లు అతికించి చూసిన పరిశోధన 2016లో వెలువడింది. కొన్నైతే గంటకు 500కు పైగా చిన్న చేపల మీద దాడి చేస్తున్నాయట. చల్లటి నీళ్లలో అంత చిన్న ఒంట్లో వేడి నిలవాలంటే రాత్రీ పగలూ తింటూనే ఉండాలి మరి. హార్న్స్ రెవ్ 2 అనే గాలిమరల క్షేత్రం దగ్గర సుత్తి మోగినప్పుడు దాదాపు 18 కిలోమీటర్ల దాకా ఇవి తప్పుకున్నాయి. వేట వదిలి పారిపోయినంతసేపూ వాటికి ఆకలే. పిల్లతల్లి అయితే ఇద్దరి ఆకలి.

160 అన్న హద్దుకు బలమిచ్చిన పరిశోధన ఒకటుంది. డెన్మార్క్‌లోని కెర్టెమిండెలో, మనుషుల సంరక్షణలో ఉన్న ఒక పోర్పస్‌కు ఎయిర్‌గన్ ధ్వని వినిపించి, దాని వినికిడి ఎక్కడ తాత్కాలికంగా మందగిస్తుందో కొలిచారు. 2009లో ప్రచురించిన ఫలితం ప్రకారం అది 164 డెసిబెళ్ల దగ్గర. ఒక దేశపు నిబంధన చాలావరకు ఒక్క జంతువు చెవి మీద ఆనుకుని ఉంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. మీటరు 159 చూపిన రోజు మేం హింస చెయ్యనట్టేనా?

మా వృత్తిలో దీనికి సిద్ధంగా ఉండే జవాబు బొగ్గు. గాలిమరలు లేకపోతే బొగ్గు మండుతుంది, సముద్రం వేడెక్కుతుంది, పోర్పస్‌కూ అదే ఎక్కువ చేటు. నిజమే, ఆ నిజాన్ని నమ్మే ఈ పనిలో ఉన్నాను. కానీ బొగ్గు మండించిందీ మనమే, గాలి కరెంటు వాడుకునేదీ మనమే. ఆ బేరంలో పోర్పస్ ఎక్కడా కూర్చోలేదు. నష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది అయినప్పుడు ఒకదాంతో ఇంకోటి కొట్టేయడానికి మనకు హక్కు ఎవరిచ్చారు?

మనుస్మృతిలో నేను ఒప్పుకోలేని మాటలు చాలా ఉన్నాయి, ఆడదాన్నైనందుకు మరీను. అయినా ఈ చిక్కును అది వంటింట్లోనే పట్టుకుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ. గృహస్థు ఇంట్లో ప్రాణులు చచ్చే ఈ ఐదు చోట్లను పంచసూనలంటారు. అలాగని పొయ్యి ఆర్పేయమని శాస్త్రం చెప్పలేదు. దోషం లేదనీ చెప్పలేదు. రోజూ ఐదు మహాయజ్ఞాలు చెయ్యమంది. వాటిలో ఒకటి భూతయజ్ఞం, అంటే తోటి ప్రాణులకు అన్నం పెట్టడం.

అమలాపురం దగ్గర మా ఊళ్లో తాతయ్య భోజనానికి ముందు వైశ్వదేవం చేసి కాకికీ కుక్కకీ చీమకీ మెతుకులు బయట పెట్టేవారు. "చీమలకి పెట్టేశాంగా తాతయ్యా, ఇంక పాపం పోయినట్టేనా?" అని అడిగాను. "రేపు మళ్లీ పొయ్యి ముట్టిస్తాం కదే అమ్మాయ్," అన్నారు.

ఆ మాటలో ఉన్నది మా నిబంధనల పుస్తకంలో లేదు. 160 దాటలేదని ధ్రువపత్రం వస్తే ఫైలు మూసేస్తాం. హద్దు ఇచ్చేది అనుమతి. బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

అయితే ఒక్కచోట తాతయ్యతో కూడా నాకు పేచీ ఉంది. పొయ్యిలో చచ్చిన చీమకు, మెతుకు తిన్న చీమకు సంబంధం లేదు. మా రంగంలోనూ అంతే. పైళ్ల మీద ఆల్చిప్పలు పడతాయి, పునాది చుట్టూ పోసిన రాళ్లలో పీతలు, కాడ్ చేపలు చేరతాయి. ఇదంతా నిజం, చూస్తే సంతోషమే. కానీ ఈ కొత్త కాపురాన్ని చూపించి లెక్క సరిపోయిందంటే నేను ఒప్పుకోను. వచ్చింది కాడ్, పోయింది పోర్పస్. ఎవరికి బాకీ పడ్డామో వాళ్లకే తీర్చాలి.

అలా నేరుగా తీర్చే పని బుడగల తెర. పైలు చుట్టూ సముద్రపు అడుగున చిల్లుల గొట్టం వలయంగా పరిచి, ఓడలోని కంప్రెసర్లతో గాలి పంపిస్తారు. అడుగు నుంచి పైదాకా బుడగలు లేస్తాయి. నీళ్లలో వచ్చే ధ్వని వాటికి తగిలి కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత చెదిరిపోతుంది. నేలగుండా వెళ్లి తెర అవతల పైకొచ్చే ధ్వని కొంత మిగిలే ఉంటుంది. 10 డెసిబెళ్లు తగ్గితే ధ్వని శక్తి పదో వంతుకు పడిపోతుంది. పెద్ద పైలు తెర లేకుండా 170 దాటుతుంది కాబట్టి ఇది చిన్న ఊరట కాదు. సుత్తి మొదలయ్యే ముందు నీళ్లలో పరికరాలు మోగించి పోర్పస్‌లను దూరం తోలడం కూడా రక్షణ కిందే లెక్క. అవసరమే అయినా, దాన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.

అసలు సుత్తే లేని దారి సక్షన్ బకెట్. బోర్లించిన ఉక్కు డబ్బాలోంచి నీళ్లు తోడేస్తే, బయటి పీడనమే దాన్ని నేలలోకి నెట్టేస్తుంది. అబర్డీన్ తీరంలో 2018లో నిలబెట్టిన 11 టర్బైన్లూ వీటి మీదే ఉన్నాయి. బండరాళ్లున్న నేలలో ఇది దిగదు. దిగగలిగిన చోట కూడా అలవాటు కొద్దీ, ఖర్చు చూసుకుని సుత్తే ఎంచుకుంటే, అప్పుడు 159 కూడా నాకు తప్పే.

2024లో మన కేంద్ర ప్రభుత్వం గుజరాత్, తమిళనాడు సముద్రాల్లో 500 మెగావాట్ల చొప్పున గాలి విద్యుత్తుకు 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. తమిళనాడు వైపు గుర్తించిన ప్రాంతం మన్నార్ సింధుశాఖ. అక్కడ లోతు తక్కువ నీళ్లలో గడ్డి మేసే డుగాంగ్‌లు, సముద్రపు ఆవులు, మిగిలి ఉన్నాయి. కెర్టెమిండెలో పోర్పస్ చెవిని కొలిచి తెచ్చిన అంకెను అక్కడ అతికించకూడదు. మట్టి నమూనాల కోసం బోరు వేసేటప్పుడే నీళ్లలోని ధ్వనిని వినే హైడ్రోఫోన్లు దించాలి. టెండర్‌లో పైలు ధర పక్కనే బుడగల తెర ధరా, సక్షన్ బకెట్ ధరా రాయాలి.