సైకిలుకు యానదోషం ఉందా?

తీర్థానికి వాహనమెక్కి వెళ్తే ఫలం తగ్గుతుందని ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఎంత తగ్గుతుందో లెక్క కూడా కట్టాయి. తీర్థవిధులను పోగుచేసిన నిబంధ గ్రంథాల్లో కనిపించే ఒక వచనం ప్రకారం వాహనం సగం ఫలాన్ని హరిస్తుంది. గొడుగూ చెప్పులూ అందులో సగాన్ని, దారిలో చేసే వ్యాపారం మూడు వంతుల్ని, దానం పట్టడం మొత్తాన్నీ హరిస్తాయి. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. ఎద్దునెక్కి ప్రయాగకు వెళ్లినవాడికి నరకం తప్పదంటుంది, అతడు వదిలే నీళ్లను పితృదేవతలు ముట్టరంటుంది. ఐశ్వర్యం చూసుకునో, లోభంతోనో, మోహంతోనో వాహనమెక్కిన వాడి యాత్ర వట్టిదంటుంది. 16వ శతాబ్దంలో కాశీలో నారాయణభట్టు రాసిన త్రిస్థలీసేతువు వంటి గ్రంథాలు ఇలాంటి వచనాలను ఒకచోట చేర్చి, ఏది ఎవరికి వర్తిస్తుందో చర్చించాయి. నడవలేని వాళ్లకు యానదోషం అంటదన్న సడలింపు కూడా సంప్రదాయంలోనే ఉంది.

సైకిలు ఇప్పటి రూపానికి వచ్చింది 1880లలో. కాబట్టి దాని మాట ఏ స్మృతిలోనూ లేదు. ఇప్పుడు నలుగురైదుగురు స్నేహితులు కలిసి రోజుల తరబడి సైకిళ్లు తొక్కుకుంటూ శబరిమలకో, పండరిపురానికో, స్పెయిన్‌లోని సాంతియాగోకో వెళ్లడం అరుదేమీ కాదు. వాళ్లు యానమెక్కి వెళ్లినట్టా, కాలినడకన వెళ్లినట్టా? ఇది తేలాలంటే యానాన్ని అసలు ఎందుకు వద్దన్నారో ముందు చూడాలి.

మహాభారతం వనపర్వంలో తీర్థయాత్రను పొగిడేటప్పుడు పులస్త్యుడు చెప్పే కారణం సూటిగా ఉంటుంది. యజ్ఞాలకు సామగ్రి కావాలి, ధనం కావాలి, అవి రాజులకే సాధ్యం; తీర్థయాత్ర బీదవాడికి కూడా అందే యజ్ఞం. అలాంటి యాత్రలోకి వాహనం వచ్చి పడితే ధనవంతుడి వైభవం మళ్లీ వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టే. మత్స్యపురాణం ఐశ్వర్యాన్నీ లోభాన్నీ పేరెత్తి చెప్పడానికి కారణం ఇదే అనుకోవచ్చు. ఎద్దు విషయం వేరు. అక్కడ శ్రమ యాత్రికుడిది కాదు, మరో ప్రాణిది. పుణ్యం ఒకరికి, ఒళ్లు హూనం మరొకరికి అనే ఏర్పాటు శాస్త్రకారులకు మింగుడుపడలేదు.

తెలుగువాళ్లకు ఈ చిక్కు బాగా తెలిసిన పుస్తకంలోనే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. వెంట దాదాపు వందమంది పరివారం. ఆయన పల్లకీలో, మోసేవాళ్లు బోయీలు. కాశీయాత్ర చరిత్రలో దారులు, బసలు, ధరలు, నీళ్ల వసతి ఎంత నిశితంగా నమోదయ్యాయో చదివినవాళ్లకు తెలుసు. కాశీ వరకు అడుగులన్నీ లెక్కిస్తే ఎక్కువ వేసింది ఆ బోయీలే. శాస్త్రం లెక్కలో వాళ్ల వాటా ఎంత? కూలికి మరొకరి తరఫున తీర్థానికి వెళ్లేవాడికి పదహారో వంతు ఫలమని ఒక వచనం ఉంది. మోసుకెళ్లినవాడి సంగతి మాత్రం దానిలో లేదు.

ఈ కొలతతో చూస్తే సైకిలు విచిత్రమైన వాహనం. ఎక్కి కూర్చునేవాడూ లాగేవాడూ ఒక్కడే. ఎద్దు లేదు, బోయీ లేడు, పెట్రోలు లేదు. పరహింస అనే ఆక్షేపణ అక్కడితో పోతుంది. శ్రమ మాటకొస్తే చదునైన రోడ్డు మీద ఒక కిలోమీటరుకు నడకతో పోలిస్తే సైకిలుకు పట్టే శక్తి సుమారు అయిదో వంతే. దానికి బదులు సైకిలు యాత్రికుడు రోజుకు నడిచేవాడికంటే మూడు నాలుగు రెట్లు దూరం పోతాడు, కాబట్టి సాయంత్రానికి ఒంట్లో మిగిలే అలసటలో పెద్ద తేడా ఉండదు. ఘాట్ రోడ్డు తగిలిందా, ఆ లెక్కలన్నీ తారుమారవుతాయి. లోడు వేసుకున్న సైకిలును గేరు తగ్గించి ఎక్కించేవాడు, పక్కన నడిచేవాడు ఒకే వేగంతో పోతుంటారు. నడిచేవాడే కాస్త హాయిగా ఊపిరి పీలుస్తుంటాడు.

ఈ ప్రశ్నకు నేరుగా అంకెల్లో జవాబిచ్చిన సంస్థ క్రైస్తవ ప్రపంచంలో ఉంది. స్పెయిన్ వాయవ్య మూలనున్న సాంతియాగో దె కాంపోస్తెలాలో, అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని నమ్మే కెథెడ్రల్ వారు యాత్ర పూర్తిచేసిన వాళ్లకు కాంపోస్తెలా అనే ధ్రువపత్రం ఇస్తారు. నడిచి వస్తే కనీసం 100 కిలోమీటర్లు, సైకిలు మీద వస్తే 200 ఉండాలి. దారిలో బసచేసిన చోటల్లా యాత్రికుల పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. సైకిలు శ్రమ నడకలో సగమని నిర్ణయించి దూరాన్ని రెట్టింపు చేశారన్నమాట. మన నిబంధకారులు ఫలాన్ని సగానికి కోస్తే వాళ్లు దారిని రెండింతలు చేశారు, లెక్క ఒకటే. విడ్డూరం ఏమిటంటే గుర్రమెక్కి వచ్చేవాళ్లకూ 100 కిలోమీటర్లే చాలు. గుర్రం నడిస్తే రౌతు నడిచినట్టేనట! మధ్యయుగాల నుంచి వస్తున్న ఆచారమనే మర్యాద తప్ప దీనికి గట్టి సమర్థన కనబడదు. మత్స్యపురాణమైతే ఒప్పుకునేది కాదు. ఆ దారిలోని ప్రభుత్వ సత్రాల్లో పడకలు మాత్రం ముందు నడిచివచ్చిన వాళ్లకే, సైకిళ్ల వాళ్లు సాయంత్రం దాకా ఆగాలి.

శ్రమను కొలిచి ఊరుకుంటే సరిపోదని జైన సంప్రదాయం గుర్తుచేస్తుంది. జైన సాధువులు ఊరి నుంచి ఊరికి నడిచే వెళ్తారు, అదీ వట్టి కాళ్లతో. వాళ్లు పాటించే అయిదు సమితుల్లో మొదటిది ఈర్యాసమితి: ముందున్న నాలుగు మూరల నేలను చూస్తూ, ఏ ప్రాణీ కాలికింద పడకుండా అడుగు వేయాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఆ నాలుగు మూరలను సెకనులో మూడో వంతు కాలంలో దాటేస్తుంది. వానాకాలం తెల్లవారుజామున తారురోడ్డు మీద వరసగా పాకే రోకలిబండల్ని తప్పించడం ఏ స్నేహబృందానికీ సాధ్యం కాదు. ముందు చక్రం తప్పించినా వెనక చక్రం తొక్కుతుంది. ఇది సైకిలు మీద వచ్చే ఆక్షేపణల్లోకెల్లా గట్టిది, దీనికి పూర్తి సమాధానం లేదు. ఇతర వాహనాలతో పోల్చి తక్కువ హింస అనుకోవచ్చు గానీ నడకతో సమానమనలేరు.

వేగం గురించి ఆధునికుల్లో ఇవాన్ ఇల్లిచ్ ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. 1970లలో వచ్చిన తన చిన్న పుస్తకం ఎనర్జీ అండ్ ఈక్విటీలో ఆయన సైకిలును మనిషి ఒంటిశక్తిని పెంచి, ఎదుటివాడి దారిని గుంజుకోని సాధనంగా చూపించాడు. ఒక హద్దు దాటిన వేగం కొందరికి సమయాన్ని మిగిల్చి చాలామంది సమయాన్ని దోచుకుంటుందని ఆయన వాదన. వనపర్వం బీదవాడి యజ్ఞం అన్నదానికి ఇది దూరపు చుట్టం. పాత సైకిలు ఒకటి ఉంటే చాలు, పండరిపురానికి ఎవరైనా పోవచ్చు. కానీ లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిళ్ల మీద, బట్టలూ ఐస్‌పెట్టెలూ మోసే వ్యాను వెంటరాగా సాగే యాత్ర మాటేమిటి? అక్కడ కాళ్లు తొక్కుతున్నా యానం వెనకాలే వస్తోంది. చొక్కా మీద కంపెనీల పేర్లు అచ్చువేయించుకుని వాళ్ల ఖర్చుతో వెళ్తే, దానం పడితే మొత్తం ఫలం పోతుందన్న వచనాన్ని ఒకసారి తలుచుకోవడం మంచిది.

అసలు ఉద్దేశమే తొక్కడమై, గుడి దారిలో తగిలిన మజిలీ మాత్రమే అయితే? దీన్నీ శాస్త్రకారులు ఊహించారు. వేరే పని మీద వెళ్తూ ప్రసంగవశాన తీర్థం చూసినవాడికి సగం ఫలం. స్నేహితులతో సరదాకు బయలుదేరిన వాళ్లలో ఎక్కువమంది ఈ పద్దులోకే వస్తారు. ఇది ఉదారమైన తీర్పే, ఎందుకంటే సైకిలు యాత్రికుడికి అసలు ప్రమాదం సరదా కాదు, లెక్క. ఇవాళ ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు ఎక్కాం, సగటు వేగం ఎంత అని హ్యాండిలు మీద బిగించిన ఫోను క్షణక్షణం చెబుతూ ఉంటుంది. చేతులూ కాళ్లూ మనసూ అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం అని పులస్త్యుడు పెట్టిన షరతులో, అహంకారం లేకపోవడం కూడా ఉంది. వాహనాన్ని వద్దన్నది గర్వానికి భయపడే అయితే, నడక రికార్డూ సైకిలు రికార్డూ ఒకే దోషం కిందికి వస్తాయి.

గర్వానికి విరుగుడు బృందంలోనే దొరుకుతుంది. ఇక్కడ సైకిలుకు నడకకు లేని గుణం ఒకటుంది. చదును నేల మీద గంటకు 20 కిలోమీటర్లు దాటితే తొక్కేవాడికి పెద్ద శత్రువు గాలే. ముందు సైకిలు వెనక చక్రానికి తన చక్రం ఆనించినంత దగ్గరగా పోయేవాడికి ఆ గాలి బాగా తగ్గుతుంది. ముందున్నవాడు ఎదురుగాలిని ఒంటి మీద తీసుకుంటాడు, కాసేపటికి పక్కకు జరిగి వెనక్కి వస్తాడు, రెండోవాడు ముందుకు పోతాడు. వెనకున్నవాడికి తాను మరొకరి శ్రమతో పోతున్నానని పిక్కల్లోనే తెలుస్తుంది. బోయీల వ్యవహారమే ఇది, కాకపోతే ప్రతివాడూ వంతులవారీగా బోయీ అవుతాడు. బలహీనుణ్ని ఎక్కువసేపు వెనకే ఉండనిచ్చే బృందాలున్నాయి, సమానంగా వంతు వేయాలని పట్టుబట్టేవీ ఉన్నాయి. ఏది ధర్మమో ఎదురుగాలిలో తేలుతుంది.

పంక్చరు పడ్డప్పుడు ఇంకా బాగా తేలుతుంది. ఎర్రటి ఎండలో తుమ్మముల్లు దిగి, టైరు విప్పి, సీసాలో నీళ్లు ట్యూబు మీద పోసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతికి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి అది ఆరేదాకా ఊదుకుంటూ కూర్చునే ఆ అరగంట ఒక్కడిదే అయినా అందరూ ఆగాలి. ఎవరు నీడ చూసుకుని కూర్చున్నారో, ఎవరు పంపు అందుకున్నారో ఎవరూ చెప్పుకోరు గానీ అందరికీ గుర్తుంటుంది.

ఆగడం తప్పనిసరా అన్నదే బృందయాత్రలోని పాత ధర్మసందేహం. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ఉత్తరదిక్కుగా నడుస్తుండగా ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒకరి తరవాత ఒకరు పడిపోతారు. ఒక్కొక్కరు పడ్డప్పుడల్లా భీముడు కారణం అడుగుతాడు. ధర్మరాజు వాళ్ల దోషం ఏమిటో చెప్పి వెనుదిరిగి చూడకుండా సాగిపోతాడు. అంతటివాడే చివరికి స్వర్గద్వారం దగ్గర, వెంట వచ్చిన కుక్కను వదిలి రథమెక్కనని మొండికేస్తాడు. తరవాత స్వర్గారోహణ పర్వంలో తమ్ముళ్లూ ద్రౌపదీ నరకంలో ఉన్నారని తెలిసి అక్కడే ఉండిపోతానంటాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా పొసగుతాయని వ్యాఖ్యాతలు తలపట్టుకున్నారు. మహాప్రస్థానం తిరిగిరాని యాత్ర కాబట్టి అక్కడ ఆగడానికి అర్థం లేదని ఒక సమాధానం. తీర్థయాత్ర అలా కాదు, ఇంటికి తిరిగి రావాలి, వచ్చాక ఆ స్నేహితుల మొహాలు రోజూ చూడాలి.

అందరూ కలిసే తిరిగిరావాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద భూప్రదక్షిణకు బయలుదేరారు. ముగ్గురు మధ్యలోనే విడిపోయారు, వారిలో ఒకరు అమెరికాలోనే ఉండిపోయారు. 1928లో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా సుమారు 71 వేల కిలోమీటర్లు పూర్తిచేసి ఇల్లు చేరారు. విడిపోయినవాళ్లు ద్రోహులు కాలేదు, చేరినవాళ్లు నిర్దయులు కాలేదు. బౌద్ధుల పాళీ గ్రంథం సుత్తనిపాతంలోని ఖడ్గవిషాణ సుత్తం ఖడ్గమృగం కొమ్ములా ఒంటరిగా సంచరించమంటూనే, వివేకి అయిన తోడు దొరికితే కలిసి పొమ్మని చెబుతుంది. బుద్ధుడైతే, బ్రహ్మచర్యంలో కల్యాణమిత్రత, అంటే మంచి స్నేహం, సగభాగం కదా అన్న శిష్యుడు ఆనందుణ్ని సరిదిద్ది, సగం కాదు మొత్తం అదే అంటాడు.

సంప్రదాయ యాత్రలు ఈ సంగతిని ఏర్పాటుగానే మలుచుకున్నాయి. ఆళంది నుంచి పండరిపురానికి సుమారు 250 కిలోమీటర్లు మూడు వారాలపాటు నడిచే వారకరీలు దిండీలనే బృందాలుగా పోతారు, ఒకరి పాదాలకొకరు మొక్కుకుంటారు. అయ్యప్ప దీక్షలో చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ స్వాములే, గురుస్వామి మాటే మాట. అదే పండరిపురం దారిని రెండు మూడు రోజుల్లో ముగించే సైకిలు బృందానికి దారిపొడుగునా అన్నం పెట్టే ఊళ్లు పెద్దగా తగలవు, కలిసి పాడుకోవడం కుదరదు. పోయిన దానిలో కొంత ఆ నలుగురి మధ్యే పూడ్చుకోవాలి. చివరి మెట్టు మాత్రం సైకిలువాడికీ కాలినడకే. శబరిమలకు పంపా నుంచి, తిరుమలకు అలిపిరి మెట్లదారిన ఎక్కాలంటే సైకిలు కిందే తాళం వేసుకోవాలి.

ఇక మిగిలింది మధ్యలో జ్వరం తగిలినవాడి సంగతి. సైకిలును బస్సు టాపు మీద కట్టించి వాడు సీట్లో కూర్చుంటే శాస్త్రం ఏమీ అనదు, అశక్తుడికి యానదోషం లేదు. వాడికి తోడుగా అదే బస్సెక్కిన స్నేహితుడు మాత్రం అశక్తుడు కాడు. వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే వాడి ఫలంలో సగం పోయినట్టే. మత్స్యపురాణం నిషేధించిన కారణాలు ఐశ్వర్యం, లోభం, మోహం. జబ్బు మనిషి పక్కన కూర్చున్నవాడిలో మొదటి రెండూ లేవు. మూడోదాన్ని మాత్రం పట్టి చూడాలి. స్నేహాన్నే మోహమంటే, నరకంలోనే ఉంటానన్న ధర్మరాజుకూ అది వర్తించాలి. ఆ మాట అన్నందుకు దేవతలు ఆయనను తప్పుపట్టలేదు, స్వయంగా ఎదురొచ్చారు.