తట్టుకునే ప్రాణం

ధ్యాన భాగం: కీర్తనలు 104:24–30

భావనపాడు రేవులో వల దులిపితే ఇసుకమీద పడ్డ చేప ఎంతోసేపు బతకదు. చుట్టూ కావలసినంత గాలి. నీళ్లలో కంటే ఆ గాలిలోనే ప్రాణవాయువు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా నీటి ఆసరా పోగానే మొప్పల్లోని సన్నని రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ గాలి దానికి అందదు. సముద్రాన్నీ, లెక్కకందని జలచరాలనూ, పైన తిరిగే ఓడలనూ చూసి పొంగిపోయిన కీర్తనకారుడు ఆ తర్వాత వాటి ఊపిరి ఎవరి చేతిలో ఉందో కూడా తలచుకున్నాడు. రేవు పక్కన పుట్టినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

అదే దేవుడు కొన్ని చేపలకు రెండో దారి కూడా పెట్టాడు. అక్వేరియం దుకాణాల్లో ఫైటర్ అని మనం కొనే బెట్టా చేపకు మొప్పలకు పైన, తల లోపల, మెలికలు తిరిగిన ఒక గది ఉంటుంది. అందులో పలచని ఎముక రేకులు, వాటిమీద రక్తనాళాలు నిండిన పొర. చేప పైకొచ్చి నోటితో గాలి గుటక వేస్తే ఆ పొర ప్రాణవాయువును రక్తంలోకి లాగుతుంది. థాయ్‌లాండ్ వరిమళ్లలో, వెచ్చగా నిలిచిపోయిన నీళ్లలో బతకడానికి అమరిన ఏర్పాటు ఇది. అప్పుడే పుట్టిన పిల్లకు ఉండదు, కొన్ని వారాలకు ఏర్పడుతుంది. మన చెరువుల్లో కొరమీనుకూ ఇలాంటి వసతే ఉంది. అందుకే సంతలో గిన్నెడు నీళ్లలోనూ ప్రాణంతో కదులుతుంది.

మగ బెట్టా ఆ గాలితోనే గూడు కూడా కడుతుంది. నోట్లో గాలి పట్టి, జిగురు కలిపి, నీటిపైన బుడగలు పేరుస్తుంది. గుడ్డు జారితే నోటితో అందుకుని మళ్లీ బుడగల్లో పెడుతుంది. అద్దంలో తనను తాను చూసుకుని కూడా మొప్పలు విప్పి కయ్యానికి దిగే చేప ఇదే మరి!

ఇంత వరం చూసి మనమేం చేశాం? గాలి పీలుస్తుంది కదా, చిన్న సీసా చాలన్నాం. చాలదు. రెట్ట, మిగిలిన మేత కుళ్లి పుట్టే అమ్మోనియా, చేప పైగాలి పీల్చినంత మాత్రాన తగ్గదు. చలి రాత్రుల్లో సీసా నీళ్లు ఇట్టే చల్లబడతాయి. దానికి కావలసింది 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం. ఇక అంచుదాకా నీళ్లు పోసి మూత బిగించారా, ఈ చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఇంట్లో ఉంటే పెద్ద తొట్టిలోకి మార్చండి, పైన కాస్త ఖాళీ వదలండి.

మనుషుల దగ్గరా మనది ఇదే లెక్క. మన తీరం కుర్రాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు అలా వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడ్డారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. అలాంటివాళ్ల గురించి "గట్టి ప్రాణాలు, ఎక్కడైనా బతికేస్తారు" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఇంట్లో కోడలి విషయంలోనూ అంతే. ఓర్పు దేవుడు ఆ మనిషికిచ్చిన సొత్తు. దాన్ని చూపించి వాళ్ల చోటు తగ్గించడం మెచ్చుకోలు పేరుతో చేసే దోపిడీ.

ప్రార్థన: ప్రభువా, దూర సముద్రాల మీదున్న మావాళ్ల ఊపిరిని నీ చేతిలో ఉంచుకో. మా ఇంట్లో నోరెత్తకుండా భరిస్తున్నదెవరో ఈరోజు మాకు చూపించు. ఆమేన్.