చేపలతొట్టెను మోయు కొయ్య

ఇంటి ముందుగదిలో అద్దపుతొట్టె యుంచి రంగుచేపలను పెంచుట నేడు రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము వంటి పట్టణములకే పరిమితము కాలేదు. కోనసీమ పల్లెలలోను పిల్లలున్న యిండ్ల అక్వేరియములు కనబడుచున్నవి. తొట్టెను అందరును చూతురు. చేపలను అందరును మెచ్చుకొందురు. వానిని మోయుచున్న కొయ్యస్టాండు వైపు ఎవరి చూపును పోదు. అట్టి స్టాండును గూర్చి ఈ పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని “ఎవరికిని కానరాని చోట పనిని కొంత తగ్గించినచో, వస్తువు నిలిచియున్నంత వరకు దోషమేమున్నది?” అను ప్రశ్నకు ఇంతకంటె తగిన ఉదాహరణము నాకు దొరకలేదు.

ముందుగా బరువు సంగతి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టె చూపునకు చిన్నదే. అందులో సుమారు 127 లీటర్ల నీరు పట్టును. లీటరు నీరు కిలో తూగును. అద్దము 20 కిలోలు, అడుగున పరచు గులకరాళ్లు 15 కిలోలు కలుపగా మొత్తము 160 కిలోలు దాటును. అనగా రెండు ధాన్యపు బస్తాలకు మించిన బరువు. మా వీధి వడ్రంగి ఈ మాటనే తన భాషలో చెప్పినాడు: “కుర్చీ మీద కూర్చున్నోడు కాసేపటికి లేత్తాడండి మేష్టారూ. నీళ్లు లేవవండి.” అందులో శాస్త్రమంతయు ఉన్నది. ఎడతెగని బరువు క్రింద కొయ్య ఏండ్ల తరబడి, కంటికి తెలియనంత మెల్లగా వంగుచుండును. ఒక మూల దారమంత క్రుంగినను అద్దము మెలిపడును, అతుకు విచ్చును.

కావున స్టాండు చేయు పద్ధతి యొకటి కలదు. పై చట్రము కాళ్ల ప్రక్కన మేకులతో వ్రేలాడరాదు. కాళ్ల నెత్తిపై కూర్చుండవలెను. అప్పుడు బరువు నిలువుకొయ్య గుండా తిన్నగా నేలకు దిగును. చట్రమును కాళ్ల ప్రక్కకు ఆనించి మేకులు కొట్టినచో 160 కిలోలు ఆ నాలుగు మేకులపై పడును. కాలి కొనను కుసిగా చెక్కి, చట్రములో బెజ్జము తొలిచి, కుసిని అందులో దిగవేయుట పెద్దల పద్ధతి. స్టాండు ప్రక్కలకు ఊగకుండ వెనుక ఏటవాలు పట్టె యుండవలెను. కొయ్య బాగుగా ఆరినదై, చేవ గలదై యుండవలెను. నీరు మార్చునప్పుడెల్ల నాలుగు చుక్కలు క్రింద పడుట తప్పదు. రంపపుపొట్టుతో అదిమి చేసిన పలక ఆ తడికి ఉబ్బి విడిపోవును. అయితే పైన నున్నని రేకు అంటించినచో టేకుకును పొట్టుపలకకును, కుసికిని మేకుకును భేదము తెలియదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

నీటిని మోయు పని ఈ సీమకు క్రొత్త కాదు. 17వ శతాబ్దములో నర్సాపురమున ఓడలు కట్టినారు. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలిడి 1852లో పూర్తి చేసినారు. కాటన్ దొరకు అచట గట్టి రాతిపొర దొరకలేదు. ఇసుకపైననే రాళ్లు పేర్చి నిలబెట్టవలసి వచ్చెను. పైరును చూచి సంతోషించు మనకు ఇసుకలోని ఆ రాళ్లు ఏనాడును కానరావు.

మేకులతో కొట్టిన స్టాండులును ఎన్నియో ఏండ్లు నిలుచుచున్నవని ఒక మిత్రుడు వాదించెను. అది నిజమే. మరి దోషమెక్కడ? కూలిన తరువాత దోషమనుట సులభము. కూలనప్పుడు కూడ దోషమున్నదని నా తలంపు. కుర్చీ కొనువాడు కూర్చుండి ఊపి చూచుకొనును, నచ్చనిచో లేచిపోవును. చేపకు ఆ రెండును లేవు. తన క్రింద ఏమున్నదో దానికి తెలియదు. తెలిసినను తొట్టె విడిచి పోజాలదు. మన పనిని పరీక్షింపలేని, దానినుండి తప్పించుకొనలేని ప్రాణిని ఆ పనిపై నిలిపినప్పుడు అదృష్టముచే నిలిచినది గదా యనుట సమాధానము కాదు. దాని ప్రాణమును అడుగకయే పందెమొడ్డినట్లయినది.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. దయ ధర్మమునకు మూలమని నమ్మువారు ప్రాణిని గాజుగోడల నడుమ బంధించి, దానికి మంచి స్టాండు చేయించితిమని తృప్తిపడవచ్చునా? పడరాదు. కుసి ఎంత బిగువుగా నున్నను బంధనము బంధనమే. ఇంట తొట్టె లేనివారు దానిని తెచ్చుకొనకుండుటయే మేలని నా అభిప్రాయము. తెచ్చినవారి సంగతి వేరు. జాలిపడి చేపలను కాలువలో విడుచుట దయ యని కొందరందురు. అక్వేరియముల కొరకు తెచ్చిన సక్కర్ చేప మన రాష్ట్రపు చెరువులలో పెరిగి వలలను చించుచు, తక్కిన చేపలకు చేటు తెచ్చుచున్నది. కనుక ఆ జాలి మరియొక ప్రాణికి కీడగును. బంగారుచేప సరిగా పోషించినచో పదేండ్లకు పైగా బ్రతుకును. తెచ్చినవాడు అన్ని ఏండ్లును మోయవలసినదే. స్టాండునకు గూడ అంత ఆయువు కావలెను.

పన్నెండవ శతాబ్దపు శరణులలో బాచికాయకద బసవయ్య యొకడు. బాచి యనగా కన్నడమున బాడిస. వడ్రంగము ఆయన కాయకము, పేరులోనే పనిముట్టు నిలిచినది. కాయకమును గూర్చి మనము ఉపన్యాసములు విందుము. కాని వడ్రంగి మూడు రోజుల కూలి అడిగినప్పుడు ఒకటిన్నర రోజునకు బేరమాడుదుము. మిగిలిన ఒకటిన్నర రోజు ఎక్కడనుండి తగ్గును? పైమెరుగు నుండి తగ్గదు, అది మనకు కనబడును. కుసులనుండియే తగ్గును. అట్టి స్టాండు కూలినచో లోకము వడ్రంగిని నిందించును. బేరమాడిన గృహస్థు పేరెవరు నెత్తరు. నాకు మాత్రము ఆ మేకులలో సగము యజమాని కొట్టినవే యని తోచును.

చేయించువారికి వడ్రంగి చెప్పిన పరీక్ష యిది. స్టాండు రాగానే ముగ్గురు పెద్దవాండ్రు దానిపై కూర్చుండి ప్రక్కలకు ఊగి చూడవలెను. పిమ్మట తొట్టెను పెట్టి, చేపలు లేకుండ నీరు నింపి, నాలుగు మూలల నీటిమట్టమును పెన్సిలుతో గురుతు పెట్టవలెను. నీటికంటె నమ్మదగిన రసమట్టము లేదు. వారము దినములైన పిదప గీతలను చూడవలెను. ఏ మూలనైన నీరు గీతను దాటినచో తొట్టెను ఖాళీ చేసి, స్టాండును మరల వడ్రంగి యొద్దకు పంపి, ఈ మారు పూర్తి కూలి ఇచ్చి చేయింపవలెను. పిల్లలు చేపలకై మరియొక వారము వేచియుందురు.